లోపమేదీ లేదన్న కంప్యూటరు

ఈ ఉదయం కూడా మా కంప్యూటరు కుడివైపు అడుగు మూలలో ఉండవలసిన విసనకర్ర గుర్తు పోయి, దాని స్థానంలో ఒక చిన్న భూగోళం వచ్చి కూర్చుంది. నా ఈడు వాళ్లలో కంప్యూటరు జోలికి పోని అదృష్టవంతుల కోసం చెబుతున్నాను, విసనకర్ర ఉంటే ఇంట్లోకి ఇంటర్నెట్ వస్తున్నట్టు, భూగోళం ఉంటే రానట్టు. ప్రపంచంతో సంబంధం తెగిపోయిందని చెప్పడానికి ప్రపంచం బొమ్మే పెట్టాలని ఎవరికి తోచిందో గానీ, ఆ మహానుభావుడు కనబడితే కడప ఎండలో నిలబెట్టి రెండు మాటలు అడగాలని ఉంది. రౌటరు పెట్టె పచ్చ దీపాలు వెలిగించుకుని నిక్షేపంగా ఉంది. కరెంటు ఉంది. తీగ బాగుంది. కొత్త వెర్షన్ ఎక్కించినప్పటి నుంచి ఇదే వరస, పది నిమిషాలు ఉంటుంది, పోతుంది, మళ్లీ తనకు బుద్ధి పుట్టినప్పుడు వస్తుంది.

ఈ కొత్త వెర్షన్ నేను కోరి తెచ్చుకున్నది కాదు. పాతదానితో నాకు ఏ తగువూ లేదు. అయినా ఏడాది పాటు రోజూ కంప్యూటరు తెరవగానే, పాతదానికి ఇక రక్షణ ఉండదు, కొత్తది సిద్ధంగా ఉంది, ఇప్పుడా, తరువాతా అని ఒక పలక అడ్డం వచ్చేది. పెళ్లి సంబంధాల పేరయ్య లాగా విసుగూ విరామమూ లేకుండా అడిగేది. తరువాత, తరువాత అని నొక్కీ నొక్కీ, ఒకనాడు మజ్జిగన్నం తిని కునుకు వచ్చే వేళ, పోనీలే పాపం అని 'ఇప్పుడే' మీద నొక్కాను. నా డెబ్బై నాలుగేళ్ల జీవితంలో పాపం అని చేసిన పనులన్నీ ఇట్లాగే నా మెడకు చుట్టుకున్నాయి. మూడు గంటల సేపు అది తనలో తాను ఏదో చేసుకుని, చివరకు నాకు స్వాగతం చెప్పింది. నా కంప్యూటరు నాకు స్వాగతం చెప్పడమేమిటని నేను ఆలోచిస్తూ ఉండగానే మొదటి భూగోళం వచ్చింది.

అది వచ్చినప్పుడల్లా నాకు కోపమే గానీ, మొన్న వేసవిలో మాత్రం భయం కూడా వేసింది. కారణం మా అక్క. అక్కకు ఎనభై ఒకటి. బావ పోయాక, నా భార్య కూడా పోయాక, ఇద్దరం ఒక ఇంట్లో ఒకరినొకరు తిట్టుకుంటూ సుఖంగా ఉన్నాం. ఆమె మోకాళ్లు రెండూ అరిగిపోయాయని, మార్చక తప్పదని డాక్టరు తేల్చి ఆపరేషనుకు తేదీ కూడా ఇచ్చాడు. ఆ తర్వాత కింద కూర్చోకూడదు, మోకాళ్ల మీద వంగకూడదు అని ఆయన వరసగా చెబుతూ ఉంటే అక్క అన్నీ విని ఒక్కటే అడిగింది.

"అయితే శ్రీశైలంలో వంగి సామికి నెత్తి ఆనించేకి కాదా నాయనా?"

కష్టమేనన్నాడు ఆయన. ఆసుపత్రి మెట్లు దిగుతూనే అక్క నా భుజం పట్టుకుని ఆగింది. "ఒరే, కోయించుకునేకి ముందే ఒకసారి పోయొస్తాం. నువ్వు ఆ డబ్బాలో టికెట్టు తీయి." పెళ్లయిన కొత్తలో అత్తగారి వెంట అడవి దారిన నడిచి పోయి ఒకసారి ఆ లింగానికి నుదురు ఆనించిందట. ఆ చల్లదనం ఇంకా నుదుటి మీద ఉందని ఇప్పటికీ చెబుతుంది. స్పర్శ దర్శనం టికెట్లు ఎప్పుడెప్పుడు కంప్యూటరులో పెడతారో కనుక్కున్నాను. ఆపరేషను తేదీ లోపల అటువంటి రోజులు మూడే ఉన్నాయి. పెట్టిన కాసేపటికే అయిపోతాయన్నారు. మూడు చాలునులే అనుకున్నాను.

నా సంగతి కొంచెం చెప్పాలి, లేకపోతే ఆ ధీమా ఎక్కడిదో అర్థం కాదు. నేను కడపలో నలభై ఏళ్లు రేడియోలు బాగుచేసి బతికినవాణ్ణి. బడి చదువు ఏడో తరగతితో సరి. పని ఏ గురువూ నేర్పలేదు. బద్వేలులో ఒక రేడియో దుకాణానికి ఎదురుగా ఉన్న అరుగు మీద కూర్చుని, ఆయన ఏ భాగం ముట్టుకుంటే ఏ శబ్దం వస్తుందో రెండేళ్లు చూసి నేర్చుకున్నాను. ఆయన తరిమినప్పుడల్లా లేచి పోయి, ఇంకో వైపు నుంచి వచ్చి కూర్చునేవాణ్ణి. ఇంగ్లీషు కూడా అంతే, సామాన్ల అట్టపెట్టెల మీది అక్షరాలు కూడబలుక్కుని వచ్చిందే. టేపురికార్డర్లు వచ్చాయి, నేర్చుకున్నాను. టీవీలు వచ్చాయి, నేర్చుకున్నాను. జనం పాతవి పారేసి కొత్తవి కొనుక్కునే కాలం వచ్చి దుకాణం మూసేశాక, అరవై దాటిన వయసులో ఒక పాత కంప్యూటరు తెచ్చి, విప్పి, దులిపి, మళ్లీ బిగించి, అదీ నేర్చుకున్నాను. అందుకని నా ఇంట్లో ఒక యంత్రం నాకు లొంగకుండా ఉండడం, అదీ అక్క కళ్ల ముందు, నేను ఊరికే పోనిచ్చే విషయం కాదు.

అక్క కళ్ల ముందు అని ఎందుకు అంటున్నానంటే, నా మొదటి రేడియో పలికింది ఆమె మోసిన నీళ్లతోనే. బద్వేలు దుకాణదారు ఇక పనికిరాదని పెరట్లో పడేసిన సెట్టును బతిమాలి తెచ్చుకున్నాను. నాకప్పుడు పదిహేనేళ్లు ఉంటాయి. మా పల్లెలో ఇంటి మీద ఏరియల్ తీగ కట్టి, ఎర్త్ తీగ నేలలో పాతాను. సెట్టు వెలిగింది గానీ గరగర తప్ప మాట రాలేదు. వారం రోజులు తల బద్దలు కొట్టుకున్నాక తెలిసింది, తప్పు సెట్టుది కాదు, నేలది. ఎర్త్ పనిచేయాలంటే నేలలో తడి ఉండాలి. ఆ నేల వానలు చూసి అప్పటికి మూడేళ్లు, గడ్డపార వేస్తే ఖంగుమనేది. గుంత తీసి ఉప్పూ బొగ్గూ నింపి, రోజూ ఒక బిందె నీళ్లు పోస్తే తప్ప కుదరదని తేల్చాను. తాగే నీళ్లకే మైలు దూరం పోవాలి. అమ్మ అప్పటికే లేదు. పక్క వీధిలోకే ఇచ్చిన అక్క దగ్గరికి భయపడుతూ పోయి విషయం చెప్పాను. ఆమె నన్ను ఎగాదిగా చూసి, ఆ సాయంత్రం నుంచే ఒక బిందె ఎక్కువ మోసింది. బావి దగ్గర ఆడవాళ్లు ఊరుకుంటారా.

"మనుషులకు లేని నీళ్లు ఆ డబ్బాకు పోస్తాండావంటనే, పిచ్చి గాని పట్టినాదా నీకు?"

"డబ్బా యాడ తాగుతాది లేమ్మా, తాగేది మా తమ్ముడు," అన్నదట అక్క.

నాలుగో నాటికి గరగర సన్నగిల్లి, మనిషి గొంతు గంట కొట్టినట్టు వినబడింది. అక్క చేతిలో బిందెతోనే పరుగెత్తుకొచ్చింది. రాయలసీమ జిల్లాల్లో రాబోయే రెండు రోజుల్లో వర్షం పడే సూచనలు లేవని ఆ గొంతు చెప్పింది. అక్క బిందె కింద పెట్టి, "ఇది చెప్పేకా ఇన్ని నీళ్లు తాగింది," అంది.

తర్వాత కడపలో దుకాణం పెట్టినప్పుడు ఒక పద్ధతి పెట్టుకున్నాను. ఏ సెట్టు బాగుచేసినా పోయిన భాగాన్ని కాగితంలో పొట్లం కట్టి ఆసామి చేతిలో పెట్టి, ఇదిగో, ఇది చచ్చింది, ఇందువల్ల చచ్చింది అని చెప్పి పంపేవాణ్ణి. రోగం పేరు చెప్పకుండా సెట్టు తిరిగి ఇవ్వడం నా దృష్టిలో దొంగతనంతో సమానం. జనం ఆ పొట్లాలను ఇంట్లో భద్రంగా దాచుకునేవాళ్లు. రాయచోటి వైపు నుంచి వచ్చే వేరుసెనగ రైతు ఒకాయన, కొన్నేళ్ల తర్వాత మూడు పొట్లాలు తెచ్చి నా బల్ల మీద విప్పి, "ఏమప్పా, ఇవన్నీ కలిపి ఇంకో రేడియో అవుతాదేమో చూడు," అన్నాడు. ఎగతాళికి కాదు, నిజంగానే అడిగాడు. ఆయనకు జవాబు చెప్పడానికి నాకు ఒక పూట పట్టింది.

అటువంటి నేను మొదటి రోజు పదింటికి ముందే కంప్యూటరు ముందు కూర్చున్నాను. అక్క తలస్నానం చేసి, ఉతికిన చీర కట్టుకుని, స్టూలు వేసుకుని నా పక్కన కూర్చుంది, గర్భగుడి తలుపులు అందులోనే తెరుస్తారన్నట్టు. పేర్లు పెట్టాను, ఆధార్ నంబర్లు పెట్టాను, వంకర అక్షరాలు చూసి రాయమంటే రాసి నేను మనిషినేనని రుజువు చేసుకున్నాను. చివరి మీట నొక్కగానే చుక్కల వలయం తిరగడం మొదలుపెట్టింది. తిరిగింది, తిరిగింది. మూలన చూస్తే భూగోళం. సంబంధం తిరిగి వచ్చేసరికి టికెట్లు లేవు.

సహాయ కేంద్రానికి ఫోను చేశాను. చాలాసేపు సంగీతం వినిపించి, చివరకు ఒక అమ్మాయిని ఇచ్చారు.

"సర్, ఒకసారి ఆఫ్ చేసి ఆన్ చేయండి."

"చేసినానమ్మా, ఆరుసార్లు."

"ఇంకొకసారి చేయండి సర్."

"ఏడోసారికి ఏమైతాదమ్మా?"

ఆ అమ్మాయి మంచిది, అబద్ధం చెప్పలేకపోయింది. "ఒక్కోసారి వస్తుంది సర్," అంది. దుకాణంలో ఉండగా, రేడియో పలకకపోతే నెత్తిన ఒక దెబ్బ వేసే వాళ్లను నేను ఎంత చీదరించుకునేవాణ్ణో చెప్పలేను. ఇప్పుడు దేశమంతా అదే వైద్యం, కాకపోతే దెబ్బకు మర్యాదైన పేరు పెట్టారు.

లోపాలు తానే వెతుక్కునే ఏర్పాటు ఒకటి కంప్యూటరులోనే ఉంది. దాన్ని నడిపించాను. అది నాలుగు నిమిషాలు లోపలంతా తిరిగి వచ్చి, లోపమేదీ కనబడలేదు అని రాసింది. రాసిన అక్షరాల కిందే భూగోళం ఉంది. నా దుకాణంలో నేను ఎవరికైనా, మీ సెట్టు పలకడం లేదు గానీ లోపమేదీ లేదు, తీసుకుపోండి అని ఉంటే, దుకాణంలో రేడియోతో పాటు నేను కూడా పలికి ఉండేవాణ్ణి కాను.

నేను ఊరుకునే రకం కాదు. మాకు గోడలో అలమారలన్నీ కడప బండలే కాబట్టి, రాయి అడ్డం వస్తున్నదేమోనని రౌటరును అక్కడ నుంచి తీసి బీరువా మీద పెట్టాను. ఎయిర్ కూలరులో నీళ్లు తరంగాలను మింగుతున్నాయేమోనని ఆ నీళ్లు తోడేసి, ఇద్దరం ఆ వేసవి మధ్యాహ్నాలు విసనకర్రలతో విసురుకున్నాం, తాటాకువి. అప్పుడప్పుడు నెట్టు వచ్చినంతసేపూ లోకంలో ఇంకెవరికైనా ఈ బాధ ఉందేమోనని వెతికాను. ఉంది. ఎక్కడెక్కడి వాళ్లో, మంచు కురిసే దేశాల వాళ్లు కూడా, ఈ వెర్షన్ ఎక్కించాక నెట్టు పోతోందని రాశారు. దాని కింద మరొకరు, నాకూ ఇదే. ఇంకొకరు, నాకూ ఇదే. పేజీల కొద్దీ నాకూ ఇదే. చివరన ఎవరో ఉద్యోగి మీ ఓపికకు కృతజ్ఞతలు అని రాసి వెళ్లిపోయాడు. నేను కూడా, నాకు వచ్చిన ఇంగ్లీషులో, కరెంటాఫీసుకు రాసిన పద్ధతిలో గౌరవనీయులైన అయ్యా అని మొదలుపెట్టి రెండు పేజీల అర్జీ పెట్టాను. జవాబుగా ఒక ప్రశ్న వచ్చింది, ఈ సమాధానం మీకు ఉపయోగపడిందా, అవును, కాదు. ఏ సమాధానమని అడగడానికి అందులో చోటు లేదు.

ఇదంతా గోడ అవతలి నుంచి వింటున్న మనిషి ఒకరున్నారు, నా పాత స్నేహితుడైన దర్జీ భాయ్ కోడలు. ఇంట్లోనే జాకెట్లు కుడుతుంది. ఒక చేత్తో మిషను, ఇంకో చేత్తో సెల్‌ఫోను నడిపించగలదు. గోడ మీదుగా తల పెట్టి అడిగింది.

"మామా, నా ఫోన్లో రెండు నిమిషాల పని. పెద్దమ్మ ఆధారు ఇయ్యి."

"వద్దులేమ్మా. ముందు ఇది ఎందుకు పోతాందో తేలాల."

"నీకు టికెట్టు కావాల్నా, కారణం కావాల్నా మామా?"

"రెండూ కావాల," అన్నాను.

ఆ పిల్ల మా అక్క వైపు ఒక చూపు చూసి తల దించుకుంది. నా మొండితనం మీకు నవ్వు తెప్పిస్తుందని తెలుసు. కానీ బల్ల మీద ఆసామి సెట్టు చచ్చి పడి ఉండగా, పక్క దుకాణం రేడియోలో వార్తలు విని ఇంటికి పొమ్మని నేను నలభై ఏళ్లలో ఎవరికీ చెప్పలేదు. చెప్పడం చేతకాదు. నా దగ్గర ఉన్నది మీటల ఫోను. విప్పడానికి వీలులేని వస్తువును నేను జేబులో పెట్టుకోను.

రెండో రోజు గాలిలో వచ్చే నెట్టును నమ్మక, రౌటరు నుంచి కంప్యూటరు దాకా నడింట్లో నేరుగా తీగ లాగాను. అక్క ఆ తీగ దాటడానికి గోడ పట్టుకుని, ఒక్కో కాలే ఎత్తి పెడుతూ వచ్చి స్టూలు మీద కూర్చుంది. మోకాలు ఎత్తినప్పుడల్లా ఆమె పెదవి కొరుక్కోవడం నేను చూశాను, చూసి కూడా తీగ తీయలేదు. తీగతో కూడా అదే అయింది. ఆధార్ నంబరు దగ్గరే భూగోళం వచ్చింది. ఈసారి చివరి మీట దాకా కూడా పోలేదు.

మూడో రోజుకు ముందు వారమంతా నేను మనిషిని కాను. అన్నం సయించలేదు. అరవై ఏళ్లలో అక్క తన కోసమని నన్ను నోరు తెరిచి అడిగింది ఇదొక్కటే, దాన్ని ఒక చుక్కల వలయం ముందు పోగొడుతున్నాననే ఆలోచన నన్ను కూర్చోనివ్వలేదు. అక్క మాత్రం నెమ్మదిగానే ఉంది. బొరుగులతో ఉగ్గాణీ చేసి, దాని పక్కకు బజ్జీలు కూడా వేసింది. దైవం మీద భారం వేసినవాళ్ల నిబ్బరం ఇట్లాగే ఉంటుంది కాబోలు అనుకుని ఇంకా కుమిలిపోయాను.

ఆ రోజు ఫ్యాన్లూ ఫ్రిజ్జూ అన్నీ ఆపేసి కూర్చున్నాను, వాటికీ దీనికీ సంబంధం లేదని తెలిసి కూడా. అక్క పక్కన చెమట తుడుచుకుంటూ కూర్చుంది. వలయం తిరిగింది. పోయింది, వచ్చింది, పోయింది. గంట సేపు ఇద్దరం దాని వైపే చూశాం. చివరకు ఆ రోజుకు టికెట్లు అయిపోయాయని వచ్చినప్పుడు నేను అక్క ముఖం వైపు తిరగలేకపోయాను.

"పోనీలేరా. కాపీ తాగుతావా?" అంది.

ఆ మాటకు నా కళ్లలో నీళ్లు తిరిగే సమయానికి దర్జీ భాయ్ కోడలు వాకిట్లోకి వచ్చింది. "పెద్దమ్మా, టికెట్లు మా ఆయన ప్రింటు తీయించుకొచ్చినాడు," అంటూనే నన్ను చూసి గడప దగ్గరే నిలిచిపోయింది. కాగితం తీసుకుని చూశాను. అక్క పేరు, నా పేరు. తీసిన తేదీ చూస్తే వారం కిందటిది. అంటే నేను నడింట్లో తీగ లాగుతున్న పూటే, గోడ అవతల జాకెట్టుకు చేతులు అతుకుతూ ఆ పిల్ల పని ముగించేసింది. నా ఆధార్ కార్డును అక్క ముందు రోజే బీరువాలోంచి తీసి గోడ దాటించింది.

"మరి ఈ వారమంతా చెప్పకపోతివే. పొద్దన్నుంచి ఈ ఉక్కలో నా పక్కన ఎందుకు కూర్చున్నావు?"

"నువ్వు శానా కష్టపడతాంటివి," అంది అక్క. "మధ్యలో లేసిపోతే ఏం బాగుంటుందిలే అని."

దర్జీ భాయ్ కోడలు కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నాకు కోపం రావలసినంత వచ్చింది గానీ, దాన్ని ఎవరి మీద చూపించాలో తెలియక ముందు ఫ్యాను వేశాను.

బస్సులో పోయాం. దోర్నాల దాటి ఘాటు ఎక్కేటప్పుడు అక్క కిటికీ ఊచ పట్టుకుని, నడిచి పోయిన దారి కనబడుతుందేమోనని అడవిలోకి చూస్తూనే ఉంది. వరుసలో రెండు గంటలు ఎట్లా నిలబడిందో ఆ మోకాళ్లకే తెలియాలి. లింగం దగ్గరికి రాగానే నేను చేయి ఇవ్వబోతే తోసేసి, తానే వంగింది. కొంచెం కొంచెంగా, ఎక్కడో ఒకచోట ఆగిపోతుందని నేను చూస్తూ ఉండగా, నుదురు ఆనించింది. ముందుకు కదలండమ్మా అని ఎవరో అంటున్నారు. అక్క కదలలేదు. లేపడానికి మాత్రం నేనూ, వెనుక ఉన్న ఎవరి కొడుకో ఒకతనూ పట్టాల్సి వచ్చింది. బయటికి వచ్చి మండపం నీడలో కూర్చున్నాక, నుదురు తుడుచుకోకుండా అంది, "అట్లే ఉండాడురా. ఏమీ మారలేదు."

ఆపరేషను బాగా జరిగింది. మంచం మీద ఉన్న రోజుల్లో దర్జీ భాయ్ కోడలు తన పాత సెల్‌ఫోను ఒకటి అక్కకు ఇచ్చి, వాడడం నేర్పింది. ఏడో తరగతి కూడా లేని అక్క వేలితో రుద్దుతూ వారంలో నేర్చుకుంది. ఇప్పుడు కరెంటు ఎప్పుడు పోతుందో, బస్సు ఎక్కడిదాకా వచ్చిందో, నా రక్తపోటు మాత్ర ఏ పూట వేసుకోవాలో అన్నీ ఆమే చెబుతుంది. కంప్యూటరు రోగం ఏమిటో నాకు ఇంకా తెలియలేదు. పేజీల కొద్దీ నాకూ ఇదే అన్నవాళ్లకూ తెలియలేదు. వాళ్లలో ఎవరికైనా తెలిస్తే నాకు చెబుతారనే ఆశతో రోజూ ఒకసారి చూస్తూనే ఉన్నాను.

నా తరం పనివాళ్లకు మాత్రం ఒక మాట చెప్పుకోవాలని ఉంది. మనం వస్తువుల కోసం బతికామనుకున్నాం గానీ, నిజానికి బతికింది ఆ వస్తువు ఆగిపోయినప్పుడు మనిషి మన కోసం వేసే కేక కోసం. అక్క చిమ్నీ దీపం నుంచి టేబుల్ ఫ్యాను దాకా ఏది మొరాయించినా వీధి చివరి దాకా వినబడేట్టు ఒరే అని పిలిచేది. చేస్తున్న పని వదిలి పోయేవాణ్ణి, విసుక్కుంటూనే పోయేవాణ్ణి. ఆ కేక వినక చాలా రోజులైంది.

మొన్న వంటింట్లో తిరుగుతున్న మిక్సీ ఉన్నట్టుండి ఆగిపోయింది. మోత ఆగడం విని నేను స్క్రూడ్రైవరు వెతికి తీసుకుని పోయేసరికి, అక్క సెల్‌ఫోనులో ఏదో చూసి, మిక్సీని పక్కకు వంచి, దాని అడుగున ఉన్న ఎర్ర మీట నొక్కి, మళ్లీ తిప్పుతోంది. నన్ను చూసి, "నువ్వెందుకు లేస్తివిరా, పోయి కూర్చో," అంది. నేను స్క్రూడ్రైవరు జేబులో వేసుకున్నాను. వేరుసెనగ చట్నీ మెత్తగానే వచ్చింది.